ఎడమ వైపు

సంగీతం నేర్చుకుందామని చేరిన మనిషిని చీర ఎగదోపుకుని గెంతమంటారని ముందే తెలిసుంటే నేను ఆ కాలేజీ గడప తొక్కేదాన్ని కాదు.

కిందటేడు యూనివర్సిటీవాళ్ళు మార్కాపురంలో ఒక సెంటర్ తెరిచి సంగీతంలో డిగ్రీ పెట్టారు. వయసుతో పని లేదు, ఇంటర్ పాసైతే చాలన్నారు. మా అమ్మాయి లాస్య విజయవాడ హాస్టల్లో కూర్చునే నా పేరున అప్లికేషన్ పెట్టి, సీటు వచ్చాక ఫోన్ చేసి చెప్పింది. పెళ్ళికి ముందు నేను కంభంలో పాట నేర్చుకున్న సంగతి మా ఇంట్లో దానికొక్కదానికే గుర్తుంది. మా ఆయన ఫణికృష్ణ కిరాణా దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చుని, తల ఎత్తకుండానే, "పొద్దున పూటే గదా, పోయిరా. మధ్యాహ్నానికి దుకాణంలోకి వస్తే చాలు" అన్నాడు. మా అత్త కనకమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "పైట సరిగ్గా కప్పుకోని పో" అంది. ఆ మాట ఎందుకందో ఆ ఇంట్లో మా ముగ్గురికే తెలుసు.

మొదటి సెమిస్టర్ సుఖంగా గడిచింది. చాప మీద కూర్చోవడం, శ్రుతిపెట్టె ముందు పెట్టుకుని పాడటం, అంతే. శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరే వేళకు రెండో సెమిస్టర్ వచ్చింది. అందులో నృత్యం, దేహచలనం అని ఒక పేపరుంది. పాడేవాళ్ళకు లయ నోట్లో ఉంటే చాలదట, కాళ్ళలో, వెన్నులో, భుజాల్లో కూడా ఉండాలట. దానికి పరీక్ష కూడా పెడతారట.

చెప్పడానికి ఝాన్సీ మేడం వచ్చింది. గిద్దలూరు పిల్ల, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పొడుగ్గా, నల్లగా, చున్నీని నడుముకు బిగించి కట్టుకుని ఉంది. మా సెంటర్ ఒకప్పుడు పలకల గోడౌను. నేలంతా నల్లబండలే. ఆమె రాగానే చాపలన్నీ చుట్టి గోడకు ఆనించేసింది. "చెప్పులు బయట వదిలి రండి. అందరూ లేవండి. ఈ పూట ఎవరూ పాడే పన్లేదు" అంది.

మా క్లాసులో అందరూ నా కూతురి ఈడు పిల్లలే. పెద్దవాళ్ళమంటే నేనూ, గురుస్వామన్నా. గురుస్వామన్న ఊళ్ళో భజనలకు హార్మోనియం వాయిస్తాడు. ఆయనకు యాభై దాటాయి. ఆ మాట వినగానే ఆయన పంచె రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"మేడం, నా నడుము కదలడం మా ఇంటిదానికే చూపియ్యలేదమ్మా నేను. ఈ పిల్లల ముందరనా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎబినేజర్ అని చర్చిలో ఢోలక్ వాయించే అబ్బాయి ఒక మూల కూర్చుని మెల్లగా దరువు వేశాడు. ఝాన్సీ మేడం, "రెండు చేతులూ పైకెత్తండి. పైన దూలం అందుకుంటున్నట్టు" అంది. ఎత్తాను. కుడిచెయ్యి తిన్నగా లేచింది. ఎడమది భుజం దాకా లేచి అక్కడే ఆగింది.

ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏంది రాధక్కా, ఆ చెయ్యి ఆడనే ఆగిపాయ?"

"బిందె ఎత్తబోతే పట్టేసింది మేడం."

"ఎప్పుడు?"

"మొన్న."

మొన్నా కాదు, బిందే కాదు. అంతకు రెండేళ్ళ ముందు హైదరాబాదులో నాకు ఎడమ రొమ్ము తీసేశారు. చంకలో గడ్డలున్నాయని అక్కడా కోశారు. చెయ్యి రోజూ కొంచెం కొంచెంగా పైకెత్తుతూ ఉండమని డాక్టర్ చెప్పాడుగానీ, ఎత్తినప్పుడల్లా ఆ వైపు గుర్తొచ్చేది. అందుకని ఎత్తడమే మానేశాను.

ఊళ్ళో మాత్రం నాకు రాళ్ళ ఆపరేషన్ అయిందని చెప్పుకున్నాం. ఆ ఉపాయం మా అత్తది. "బజారులో తెలిస్తే సరుకుకొచ్చిన ప్రతి ఆడమనిషీ నీ రొమ్ముల వైపే చూస్తాది. పిల్లకు సంబంధాలు వచ్చే ఈడు. రక్తంలో ఉండే రోగమంటారు. రాళ్ళంటే ఎవురూ అడగరు, ఎవురికి లేవు రాళ్ళు?" అంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఆ అబద్ధం ఎవరో చలికి దుప్పటి కప్పినట్టు హాయిగా అనిపించింది. లాస్య అప్పుడు ఇంటర్ పరీక్షలు రాస్తోంది. దానికీ రాళ్ళనే చెప్పాం. పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాం. తర్వాత ఇంజనీరింగ్‌లో చేరింది. చెప్పేవేళ ఏ రోజుకారోజు ముందుకు జరుగుతూ పోయింది.

రవికె లోపల పెట్టుకోవడానికి మా అత్తే ఒక మెత్త కుట్టింది. మొదట దూదితో కుట్టింది. దూది తేలిక, నడుస్తుంటే పైకి పాకేది. ఆమె ఆలోచించి మామయ్య పాత పంచెముక్కతో చిన్న సంచి కుట్టి అందులో కొర్రలు నింపింది. అరచేతిలో పెట్టుకుని తూచినట్టు చూసి, ఇంకొన్ని పోసి, మళ్ళీ చూసి మూతి కుట్టింది. నా రవికెలన్నిటికీ లోపల జేబు వేసింది. "బరువు సరిపోయింది చూడు, నీకే తెలీదు" అంది. ఆమె మొరటు మనిషే. కానీ ఆ వేసవంతా కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని నా రవికెలు కుట్టింది.

మా ఆయన సంగతీ చెప్పాలి. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులు నాకు అన్నం కలిపి పెట్టాడు, మందులు వేళకిచ్చాడు. ఇంటికొచ్చి పుండు మానాక, "నీకు గాలాడాలి" అని తన మంచం ముందు గదిలో వేసుకున్నాడు. ఆ వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. నేనూ చూపించలేదు. స్నానం చేసేటప్పుడు అద్దం మీద తువ్వాలు వేసేదాన్ని.

ఇదీ నేను ఆ నల్లబండల మీద నిలబడి దాచుకున్నది.

మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కానీ ఝాన్సీ మేడం క్లాసులో ఏదో ఉండేది. ఒక రోజంతా ఉత్త నడకే. ఎబినేజర్ దరువు వేస్తుంటే హాలులో ఇటూ అటూ నడవాలి, ఎదురొచ్చినవాళ్ళ కళ్ళలోకి చూడాలి, పక్కకు జరగాలి. నేను నేల చూపులు చూస్తుంటే, "రాధక్కా, బండలు ఏడికీ పోవు. మనుషుల్ని చూడు" అనేది. మొదటి వారం చచ్చేంత సిగ్గేసింది. రెండో వారానికి కాళ్ళు వాటంతటవే తాళం అందుకోవడం మొదలుపెట్టాయి. బియ్యం బస్తాల మధ్య, గల్లాపెట్టెకూ వంటింటికీ మధ్య తప్ప ఇంకెక్కడా నడవని కాళ్ళు అవి. గురుస్వామన్న కూడా పంచె వదిలేసి చేతులూపుతూ నడిచాడు.

ఒక పూట మేడం నన్ను గోడకు వీపు ఆనించి నిలబడి పాడమంది. తల, భుజాలు, నడుము మూడూ గోడకు తగలాలంది. రెండేళ్ళుగా నేను ఎడమ భుజం ముందుకు వంచి, ఆ వైపు కప్పుకున్నట్టే కూర్చుంటున్నానని అప్పుడు తెలిసింది. గోడకు ఆనుకుని మోహన ఎత్తుకున్నాను. తారస్థాయి షడ్జమం దగ్గర నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్లలు మాటలాపి ఇటు తిరిగారు.

"ఇంత గొంతు పెట్టుకోని ఎవురికి భయపడి ముడుచుకుంటావక్కా?" అంది మేడం.

ఒక్క క్షణం సంతోషమేసింది. మరుక్షణం, అందరూ నావైపు చూస్తున్నారు కదా, రెండు వైపులా ఒకేలా ఉన్నాయా అని కిందికి చూసుకున్నాను. మళ్ళీ ముడుచుకున్నాను.

మే నెల మొదట్లో పరీక్షకు తయారవుతున్నాం. అందరం గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ, చేతులు విసురుతూ ఒక తిల్లానా పాడాలి. ఎబినేజర్ ఆ రోజు దరువు బాగా పెంచాడు. చెమటకు రవికె ఒంటికి అంటుకుపోయింది. వంగి లేచి చెయ్యి విసిరినప్పుడు చంక కింద ఏదో సడలినట్టయింది. పట్టించుకోలేదు. ఇంకో చుట్టు తిరిగేసరికి పొట్ట మీదుగా సన్నగా ఏదో జారుతోంది. చెమట అనుకున్నాను. అంతలో బండల మీద చిటపటమని చప్పుడైంది.

కొర్రలు. పైట కింది నుంచి పోసినట్టు రాలుతున్నాయి.

నా వెనక వస్తున్న కావ్య అనే పిల్ల కాలు జర్రున జారి కూర్చుండిపోయింది. ఎబినేజర్ దరువు ఆపాడు. పిల్లలు నవ్వారు, కావ్య పడినందుకే నవ్వారు. గురుస్వామన్న వంగి కొన్ని గింజలు అరచేతిలోకి తీసుకుని, "ఇవేంది, కొర్రలా? ఇక్కడికి కొర్రలేంది?" అని పైకి, కిందికి, గోడలవైపు చూశాడు. కోతులేమైనా దూరాయేమోనని కిటికీ కూడా చూశాడు పాపం.

నేను రెండు చేతులతో పైట గుండెకు అదిమిపట్టుకుని నిలబడ్డాను. కదిలితే ఇంకా రాలతాయి. కదలకపోయినా రాలుతున్నాయి. కింద కూర్చున్న కావ్య తలెత్తి గింజలు ఎక్కణ్ణుంచి పడుతున్నాయో చూసింది. దాని నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఆ నవ్వు అట్లాగే ఉండి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

ఝాన్సీ మేడం నా వైపు ఒక అడుగు వేసింది. ఆమె నోరు తెరవకముందే నేను బయటపడ్డాను. ఆ ఎండలో, సందుల వెంట, పైట ఒంటి చుట్టూ చుట్టుకుని ఇల్లు చేరాను. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగుతున్నప్పుడుగానీ అరికాళ్ళు బొబ్బలెక్కాయని తెలియలేదు. చెప్పులు అక్కడే వదిలేసి వచ్చాను.

మా అత్త ఖాళీ సంచి చేతిలోకి తీసుకుని, ఊడిన కుట్టు వెలుతురుకు పెట్టి చూసింది.

"ఎంతమంది చూసినారు?"

"అందరూ."

ఆమె తెగిన దారం పోగు వేలికి చుట్టి లాగి చూసింది. తర్వాత, "పాత దారం. నాదే తప్పు" అంది. నేను చీర కొంగులో మొహం దాచుకున్నాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కాలిపోతున్నట్టుంది. నడుము దగ్గర చీరమడతల్లో ఇరుక్కున్న గింజలు సాయంత్రం దాకా రాలుతూనే ఉన్నాయి.

కాలేజీకి వెళ్ళడం మానేశాను. ఆ వారమే లాస్య సెలవులకు ఇంటికొచ్చింది. "పాట ఎట్ల సాగుతాంది?" అని అడిగితే ఎండ దెబ్బ తగిలిందని చెప్పాను.

ఒక పొద్దున మా అత్త చింతపండు గింజలు తీస్తోంది. లాస్య గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. నేను వంటింట్లో ఉన్నాను. దుకాణం పక్క సందులోనుంచి ఝాన్సీ మేడం లోపలికొచ్చింది. చేతిలో క్యారీబ్యాగు.

"రాధక్క ఉందా అమ్మా?"

"ఉంది. ఒంట్లో బాగలేదు, పండుకోనుంది" అంది మా అత్త.

నేను పొయ్యి మంట తగ్గించి విన్నాను.

"చెప్పులు మర్చిపోయొచ్చిందమ్మా, ఇచ్చి పోదామని. పరీక్ష వచ్చే వారమే. రాకపోతే ఏడాదంతా పోతాది. చెయ్యి ఎంతవరకు లేస్తే అంతే చాలని చెప్పండి. ఎగ్జామినర్‌కు నేను ముందే చెప్పి పెడతా, అట్లాంటి ఆపరేషన్ అయినోళ్ళకు..."

"ఎట్లాంటి ఆపరేషన్?" మా అత్త గొంతు గట్టిగా లేచింది. "మా కోడలికి అయింది రాళ్ళ ఆపరేషన్. కడుపులో రాళ్ళు."

ఝాన్సీ మేడం తడబడింది. "అట్లనా. నాకు తెలీదమ్మా. నేను ఇంకోటి అనుకున్నా." చెప్పుల సంచి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకుని, గుమ్మం పక్కన దించింది. పాపం, మంచి చేద్దామని వచ్చిన పిల్ల. దొంగతనం చేసి దొరికిపోయినట్టు తలవంచుకుని వెళ్ళిపోయింది.

లాస్య ఫోన్ కింద పెట్టింది.

"రాళ్ళు కడుపులో గదా నానమ్మా. అమ్మకు చెయ్యెందుకు లెయ్యదు?"

రెండేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. మా అత్త చింతపండు మీదికి వంగింది.

లాస్య వంటింట్లోకొచ్చి తలుపు దగ్గరగా వేసింది. "అమ్మా, చెయ్యెత్తు."

ఎత్తాను.

"ఇంకా."

"ఇంక రాదు."

అది నా పైట కొస పట్టుకుంది. లాగలేదు, పట్టుకుని ఆగింది. నేను వద్దనలేదు. కొత్త మెత్త ఇంకా కుట్టలేదు, ఇంట్లో పైట నిండుగా చుట్టుకునే తిరుగుతున్నాను. రవికె హుక్కులు నేనే విప్పాను. అది చూస్తున్నంతసేపూ పొయ్యి మీద పాలవైపు చూస్తూ నిలబడ్డాను. కన్న బిడ్డ ముందు, ఒకప్పుడు దానికి పాలిచ్చిన చోటు చూపించడానికి అంత సిగ్గేస్తుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

"ఎప్పుడు?" అంది.

"నీ ఇంటర్ పరీక్షలప్పుడు."

"ఫిజిక్స్ ఎట్ల రాసినావని ఫోన్ చేసినావు. అప్పుడు ఆస్పత్రిలోనా?"

"ఊ."

అది ఏడ్వలేదు. నా హుక్కులు తనే పెట్టింది, చిన్నప్పుడు నేను దానికి గౌను గుండీలు పెట్టినంత ఓపిగ్గా. పెట్టి, తలుపు తీసుకుని దుకాణంలోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

మా ఆయన ఎవరికో చక్కెర తూస్తున్నాడు. బేరం అయ్యేదాకా లాస్య ఆగింది. ఆ మనిషి మెట్లు దిగాక, "నాయనా, అమ్మకు ఆపరేషన్ చేసిన డాక్టర్ నా గురించి ఏమన్నా చెప్పినాడా?" అని అడిగింది.

ఇదేం ప్రశ్న అనుకున్నాను నేను. దాని గురించి ఆ డాక్టర్ ఏం చెబుతాడు?

ఆయన తక్కెడ మీద రాలిన చక్కెరను వేలితో ఒకచోటికి ఊడ్చాడు. ఊడ్చి, "చెప్పినాడు" అన్నాడు.

"ఏమని?"

"మీ అమ్మకు యాభై రాకముందే వచ్చింది గాబట్టి నీక్కూడా చూపియ్యాలని. రక్తపరీక్ష ఏదో ఉందంట."

"ఎప్పుడు చెప్పినాడు?"

"ఇంటికి పంపించిన పొద్దు."

ఆ రోజు నాకు గుర్తుంది. చక్రాల కుర్చీలో నన్ను లిఫ్టు దగ్గర కూర్చోబెట్టారు. ఈయన చాలాసేపటికి వచ్చి, బిల్లు దగ్గర రద్దీగా ఉందన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా వచ్చింది.

"నీకు చెప్తే పిల్లకు చెప్తావు. పిల్ల ఆ రక్తపరీక్షకు పోతే పదిమందికి తెలుస్తాది..." ఆయన తల ఎత్తలేదు. "చెబుదామనే అనుకుంటా ఉండా. రోజూ అనుకుంటా."

అంతలో ఎవరో వచ్చి అరకిలో బెల్లం అడిగారు. ఆయన లేచి తూచాడు. లాస్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేను బస్తాల మధ్య నిలబడిపోయాను. నా ఒంట్లో లేనిదాన్ని దాస్తున్నాననుకుంటూ ఇన్నాళ్ళూ పైట సర్దుకుంటున్నాను. ఆ పైట చాటున నా బిడ్డ ప్రాణం కూడా ఉందని నాకు తెలియనేలేదు.

ఆ తర్వాత ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. లాస్య అన్నం తినేది, పని చేసేది, వాళ్ళ నాయనతోగానీ నానమ్మతోగానీ మాట్లాడేది కాదు. ఆయన దుకాణం మూసే వేళ దాటినా లోపలికి వచ్చేవాడు కాదు. మా అత్త దేవుడి గది ముందు కూర్చుని, దీపం పెట్టడం మర్చిపోయి లేచిపోయేది. ఒకరికొకరు ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాళ్ళం.

చివరికి ఆయనే హైదరాబాదుకు రెండు టికెట్లు తెచ్చి లాస్య ముందు పెట్టాడు. "నేనూ వస్తా. నువ్వు మాట్లాడకపోయినా పర్లేదు" అన్నాడు. వాళ్ళు బస్సెక్కిన మరునాడే నా పరీక్ష. ఏడాది చదువు పోగొట్టుకుని పిల్లకు మొహం చూపించలేనని బయలుదేరాను. నేను చీర కట్టుకుంటుంటే మా అత్త కొత్తగా కుట్టిన మెత్త తెచ్చి ఇచ్చింది. రెండు వరసల కుట్టు, నైలాన్ దారం. "ఈసారి తెగదు" అంది.

దాన్ని చేతిలోకి తీసుకున్నాను. "ఉండనీ అత్తా" అని బీరువాలో పెట్టాను. ధైర్యం వచ్చి కాదు. మళ్ళీ రాలితే అన్న భయం, అది లేకుండా కనపడటమనే సిగ్గు, రెండూ తూచుకుంటే ఆ పూట భయమే ఎక్కువ మొగ్గింది.

హాలులో అందరూ చూశారు. చూడనట్టు కూడా చూశారు. ఎబినేజర్ ఒక్కసారి నా వైపు చూసి దరువు తప్పి, మళ్ళీ అందుకున్నాడు. ఎగ్జామినర్ కర్నూలు నుంచి వచ్చిన పెద్దావిడ, కాగితం మీద ఏదో రాసుకుంది. నేను చెమటలు కక్కుతూ తిరిగాను, వంగాను, లేచాను. చెయ్యి భుజం దాకానే లేచింది. మెడ నుంచి చెవుల దాకా మండిపోతూనే ఉంది, ఒక్క క్షణం కూడా ఆ సిగ్గు నన్ను వదల్లేదు. అయినా గొంతు మాత్రం గోడకు ఆనుకున్న నాటిలాగే పలికింది. పాసయ్యాను. గొప్ప మార్కులేం కాదు.

లాస్యకు అప్పటికి గడ్డలేమీ లేవన్నారు. రక్తపరీక్ష ఫలితం జూన్‌లో వచ్చింది, అందులోనూ ఏమీ లేదు. అయినా ముప్పై దాటాక ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండమన్నారట. ఆ కబురు లాస్య హాస్టల్ నుంచి ఫోన్లో వాళ్ళ నాయనకే ముందు చెప్పింది. ఆయన ఫోన్ పెట్టేసి, గల్లాపెట్టె మీద తల ఆనించుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు పొద్దున్నే నాకు చెయ్యి వ్యాయామం ఆయనే చేయిస్తాడు. డాక్టర్ దగ్గర నేర్చుకుని వచ్చాడు. మోచెయ్యి పట్టుకుని మెల్లగా గోడ వెంబడి పైకి నడిపిస్తాడు. చేయిస్తున్నంతసేపూ గోడ మీది క్యాలెండర్ వైపే చూస్తాడు. నేనూ ఆ క్యాలెండరే చూస్తాను. ఆ నెల తిథులన్నీ మా ఇద్దరికీ కంఠతా వచ్చేశాయి.

తొలకరి పడిన వారంలో ఒక మధ్యాహ్నం దుకాణంలో నేనూ మా అత్తా ఉన్నాం. బేస్తవారిపేట నుంచి గొర్రెలవాళ్ళ పెద్దమ్మ నెల సరుకుకు వచ్చింది. ఆమె పేరే పెద్దమ్మ. ఎన్నో ఏళ్ళుగా మా దగ్గరే కొంటుంది. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు కూడా నిలబడి ఉన్నారు. కందిపప్పు తూస్తున్న నన్ను ఆమె అదేపనిగా చూసింది.

"ఏంది రాధమ్మా, ఒక పక్కకు వంగినట్టుండావు? ఇంకా ఆ రాళ్ళ బాధేనా?"

నేను అలవాటుగా పైట లాక్కుని, "అవును పెద్దమ్మా" అనబోయాను.

"రాళ్ళు కాదు," అంది మా అత్త. పొట్లం కడుతున్న దారం పళ్ళతో తెంపి, ఎవరివైపూ చూడకుండా అంది. "క్యాన్సరు. రొమ్ము తీసేసినారు. మేమే రాళ్ళని చెప్పినాం."

మగవాళ్ళు రోడ్డువైపు తిరిగారు. నాకు బస్తాల కిందికి దూరిపోవాలనిపించింది. తక్కెడ ముల్లు కనపడకుండా కళ్ళలో నీళ్ళు నిండాయి. మా అత్త రెండో పొట్లం కట్టడం మొదలుపెట్టింది.

పెద్దమ్మ "అట్లనా" అని మాత్రం అంది. సరుకంతా సంచిలో వేసుకుని మెట్లు దిగింది. రోడ్డు దాటబోయి ఆగింది. కాసేపు అక్కడే నిలబడి, మళ్ళీ మెట్లెక్కి వచ్చి సంచి కింద పెట్టింది. ఆమె చెయ్యి పైట మీద, చంకకు దగ్గరగా ఉంది.

"రాధమ్మా," అంది చాలా మెల్లగా, "గడ్డ ముట్టుకుంటే ఎట్లుంటాది? నొప్పి ఉంటాదా, ఉండదా?"

మగవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. నేను తక్కెడ వదిలేసి గల్లాపెట్టె పక్క చెక్కతలుపు పైకెత్తాను.

"లోపలికి రా పెద్దమ్మా" అన్నాను.